బొటనవేలికి కట్టిన గుడ్డ: పింఛను, పాపభీతి, ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆమె అనుమతి ఉంది. ఊరు, వయసు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. "అన్నీ రాయండి బాబూ, దాచడం నాకు పడదు" అన్నారు ఆమె. మరొకరు గుర్తుపట్టకుండా మార్చి రాయడం ఈ వృత్తిలో నియమమని ఒప్పించడానికి పది నిమిషాలు పట్టింది. మార్చి రాస్తే అబద్ధం అవుతుందేమోనని ఆమె సందేహం. అది జబ్బులోంచి వచ్చిన సందేహమో, స్వభావంలోంచి వచ్చిందో తేల్చుకోవడమే ఈ కేసులో నా పని అంతా. నేను క్లినికల్ సైకాలజిస్టును. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను.

నేపథ్యం

ఆమెకు అరవై దాటాయి. భర్త చిన్న రైసు మిల్లులో గుమాస్తాగా చేసి 2016లో గుండెపోటుతో పోయారు. పీఎఫ్ వంటివి ఏమీ లేవు. సెంటు భూమి లేదు, రెండు గదుల పెంకుటిల్లు ఉంది. ఒక్కడే కొడుకు, హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం, పెళ్లయి వేరు కాపురం, రేషన్ కార్డూ వేరే. నెలకు మూడు వేలు పంపుతాడు. భర్త పోయిన కొన్నాళ్లకు ఆమెకు వితంతు పింఛను మంజూరైంది. అప్పట్లో వెయ్యి రూపాయలు. 2019లో రెండు వేలు దాటి, మెట్టు మెట్టుగా పెరుగుతూ 2024 జనవరికి మూడు వేలయింది.

"పరుల సొమ్ము పాము" అనే తండ్రి చేతిలో పెరిగారు. చిన్నప్పుడు కూరగాయలమ్మే మనిషి పావలా ఎక్కువ చిల్లర ఇస్తే, రెండు మైళ్లు నడిచి ఇచ్చి వచ్చారట. ఇంట్లో ఆ కథను గొప్పగా చెప్పుకునేవారు. నేను మొదట దాన్ని నోట్సులో 'పాత లక్షణం' అని రాసుకుని, తర్వాత కొట్టేశాను. పావలా ఇచ్చి వచ్చాక ఆ పిల్ల అన్నం తిని నిద్రపోయింది. జబ్బయితే మర్నాడు పొద్దున్నే లేచి, ఇచ్చింది పావలాయేనా, బేడా అని మళ్లీ బయలుదేరేది.

సమస్య

నా దగ్గరికి ఆమె పాపభీతితో రాలేదు, షుగరుతో వచ్చారు. 2024 నవంబరులో జనరల్ మెడిసిన్ విభాగం నుంచి పంపారు. మూడు నెలల సగటు చక్కెర 11.2 శాతం, ఏడాది కిందట అది 7.4. ఎనిమిది కిలోల బరువు తగ్గారు. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగితే అవునని అనరు, కాదని అనరు. కుడిచేతి బొటనవేలికి గుడ్డ పీలిక చుట్టుకుని ఉన్నారు. షుగరు పుండేమోనని డాక్టరు విప్పించి చూశారు. పుండు లేదు, గీత కూడా లేదు. విప్పిన గుడ్డను ఆమె అక్కడికక్కడే మళ్లీ చుట్టుకున్నారు. ఆ సంగతి కేసు షీటులో ఉంది. నేను చదివాను, కానీ ఆమెను అడగలేదు.

కథ రెండోసారి కూర్చున్నప్పుడు బయటపడింది. 2024 జులై ఒకటిన పింఛను నాలుగు వేలకు పెరిగింది. ఏప్రిల్ నుంచి వర్తింపజేసి, మూడు నెలల తేడా మూడు వేలు కలిపి, ఏడు వేలు ఒకేసారి ఇంటికి తెచ్చి ఇచ్చారు. ఊరంతా సంబరంగా ఉంటే ఈమె గ్రామ సచివాలయ ఉద్యోగి వెంట వీధి చివరి దాకా వెళ్లి "పొరపాటున ఎక్కువ ఇచ్చారు నాయనా" అన్నారట. అతను లెక్క చెప్పాడు. ఆమె తల ఊపి ఇంటికి వచ్చారు, రాత్రి నిద్ర పట్టలేదు. ఏప్రిల్, మే, జూన్ నెలలు అయిపోయాయి కదా, అయిపోయిన నెలలకు ఇప్పుడు డబ్బెందుకు? మూడు వేలు తనవి కానప్పుడు మిగతా నాలుగు వేలు మాత్రం ఎలా తనవి? పింఛను తనది కాకపోతే రేషన్ బియ్యం? ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మాత్రలు?

అల్లికలో ఒక్క పోగు లాగినట్టు అంతా జారిపోయింది. జులై నుంచి వచ్చిన ప్రతి పింఛనూ, పైసా ముట్టకుండా, నెల పేరు రాసిన కాగితంలో చుట్టి పాత బిస్కెట్ డబ్బాలో పెట్టారు. నన్ను కలిసే నాటికి అందులో 23,000 ఉన్నాయి. రేషన్ బియ్యం తెచ్చుకుంటారు, వండరు. బస్తాలోనే పురుగు పట్టింది. కొడుకు పంపే మూడు వేలతోనే తినాలని ఒక పూట మానేశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం మానేశారు, కాబట్టి మాత్రలూ లేవు. నెలకు మూడు వందల యూనిట్లకు మించి కరెంటు కాలిస్తే అనర్హులని ఎవరో చెప్పగా విని, రోజూ సాయంత్రం మీటరు చూసి గోడ మీది క్యాలెండర్‌లో అంకె వేసేవారు. ఆమె ఇంట్లో నెలకు నలభై యూనిట్లు కూడా కాలవు. అయినా ఆగస్టు ఉక్కపోతలో ఫ్యాను వేసుకోలేదు. కొడుక్కి రోజుకు పది, పదిహేను ఫోన్లు: "నువ్వు పన్ను కడతావు కదా, మరి నాకు పింఛను ఎలా వస్తుంది?"

ఈ లక్షణాలు ఓసీడీవి, అంటే వద్దన్నా వచ్చే భయాలు, వాటిని తీర్చుకోవడానికి మళ్లీ మళ్లీ చేసే పనులు ఉండే జబ్బువి. అరవై దాటాక ఓసీడీ తొలిసారి మొదలవడం అరుదు. అలా కనబడితే మెదడులో వేరే కారణం ఏమైనా ఉందేమో వెతకాలి. తల స్కానింగు, జ్ఞాపకశక్తి పరీక్ష, థైరాయిడ్ అన్నీ చేయించాం, ఏమీ లేదు. మరి ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా ఉండేదా అని అడిగితే "ఆయన పోయిన కొత్తలో కొంచెం ఉండేది" అన్నారు. నేను 'వియోగ దుఃఖం' అని రాసి పేజీ తిప్పేశాను. ఓసీడీ తీవ్రతను కొలిచే వై-బాక్స్ స్కోరు నలభైకి 27 వచ్చింది. సైకియాట్రిస్టు సెర్ట్రలిన్ మొదలుపెట్టారు. ఓసీడీకి ఈ మందు గుణం కనబడడానికి పది, పన్నెండు వారాలు పడుతుంది. అంతవరకు మిగతా భారం నాది.

మొదటి నిర్ణయం: ముందు షుగరు

ఆసుపత్రి మాత్రల మీద భయం ఉందని తెలిసీ కొడుకు చేత అదే మెట్‌ఫార్మిన్‌ను మందుల షాపులో కొనిపించాను. పుస్తకం ప్రకారం ఇది తప్పు. భయానికి లొంగి పక్కదారి చూపిస్తే భయం బలపడుతుంది. కానీ సగటు చక్కెర పదకొండు దాటిన మనిషి దగ్గర సిద్ధాంతానికి సమయం లేదు. ఇది తాత్కాలికమని, మళ్లీ ఆరోగ్య కేంద్రం మాత్రలకే రావాలని ఆమెకు, కొడుక్కి అప్పుడే చెప్పాను. ఈ నిర్ణయం ఇప్పుడైనా మార్చుకోను.

విఫలమైనవి

నా దగ్గరికి రాకముందే కొడుకు, ఇరుగుపొరుగు ఒక వైద్యం చేసి చూశారు. "కార్లున్నవాళ్లే తీసుకుంటున్నారు, నీకెందుకమ్మా ఈ చాదస్తం?" అని. "అందరూ తీసుకుంటే నేను దొంగను కాకుండా పోతానా?" అని ఆమె జవాబు. ఆ జవాబులో తర్కదోషం నాకు ఈనాటికీ కనబడలేదు. నిజంగా ఈ ప్రశ్న వేసుకోవలసినవాళ్లు నా గది దాకా ఎప్పుడూ రారు, అది వేరే సంగతి.

రెండో వైఫల్యం పూర్తిగా నాది. నియమాలు తెలియక భయపడుతున్నారు, తెలిస్తే తగ్గుతుంది అనుకున్నాను. రాష్ట్రంలో వాడే ఆరు అంచెల పరిశీలన ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చదివాను. పల్లెలో కుటుంబ ఆదాయం నెలకు పది వేలు దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు. కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి, పన్ను కట్టేవారు ఉండకూడదు. సొంత కారు ఉండకూడదు. కరెంటు సంగతి ఆమెకు తెలిసిందే. కొడుకు వేరే కుటుంబంగా నమోదై ఉన్నాడని సచివాలయంలో కనుక్కుని చెప్పాను. అన్నీ ఒక కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను.

నాలుగు రోజులు బాగున్నారు. అయిదో రోజు ఫోను: కొడుకు పంపే మూడు వేలు ఆదాయం కిందికి వస్తాయా? తర్వాత: పండక్కి వాళ్లింట్లో పది రోజులుంటే ఆ పది రోజులూ ఒకే కుటుంబమా? తర్వాత: మీరు సంతకం పెట్టారు, కానీ మీరు ఆఫీసరు కాదు కదా? తరువాతి సారి వచ్చినప్పుడు నా కాగితాన్ని లామినేషన్ చేయించి తెచ్చారు. రోజుకు ఇరవై సార్లు చదువుతున్నారట. మీటరు పక్కన ఇంకో క్యాలెండర్‌ను నా చేతులతో నేనే తగిలించి వచ్చాను.

కొడుకు విసిగిపోయి "పింఛను వదిలేస్తే పోదా సార్?" అన్నాడు. వదులుకునే హక్కు ఆమెకు ఉంది. కానీ ఆ నిర్ణయం భయం తీసుకోకూడదని నా వాదన. పింఛను వదిలితే మర్నాడు బియ్యం, ఆ మర్నాడు మాత్రలు వదలాలి. ఆ వరస షుగరు పరీక్షలో అప్పటికే చూశాం. పైగా ఆ నాలుగు వేలు ఆమెకు నిజంగా కావాలి. తేరుకున్నాక కూడా వద్దనుకుంటే అర్జీ నేనే రాసిపెడతానన్నాను.

2025 జనవరిలో అసలు చికిత్స మొదలుపెట్టాను. భయపడే పని చేయాలి, చేశాక మనసు అడిగే పరిహారం చేయకుండా ఆగాలి. మొదటి పని, డబ్బాలోంచి యాభై రూపాయలు తీసి కాఫీపొడి కొనుక్కోవడం. మూడు వారాల్లో ఆమె రావడం మానేశారు. అదే నెలలో దివ్యాంగుల, ఆరోగ్య పింఛన్ల పునఃపరిశీలన మొదలై, టీవీలో రోజూ 'అనర్హుల ఏరివేత' అనే మాట వినబడుతోంది. వార్తలు చూసి బెదిరారని నేను సరిపెట్టుకున్నాను. ఫోను చేస్తే ఆమె ఒకే మాట అడిగారు: "నన్ను తప్పుకు అలవాటు చేస్తున్నారా బాబూ?"

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. ఓసీడీ రోగి మామూలుగా "ఇది పిచ్చి భయమని తెలుసు, కానీ ఆగలేను" అంటాడు. ఈమె అలా అనడం లేదు. మొత్తంలో ఎక్కడో ఒకచోట ఆమె నిశ్చయంగా ఉన్నారు. నేను అంతా జబ్బే అన్నాను. అంతా జబ్బు కాదని ఆమెకు తెలుసు.

మలుపు

ఫిబ్రవరిలో జిల్లా మానసిక ఆరోగ్య బృందం ఆ మండలానికి వెళ్తుంటే నేనూ వెళ్లాను. ఈసారి పింఛను ఊసెత్తకూడదని ముందే అనుకున్నాను. బొటనవేలి గుడ్డ గురించి అడిగాను. అడగవలసిన ప్రశ్న మూడు నెలలు ఆలస్యమైంది.

ఆమె లేచి వెళ్లి ట్రంకు పెట్టె తెరిచి, పాత తెల్ల రేషన్ కార్డు తెచ్చారు. మూలలు నలిగిపోయి ఉంది, భార్యాభర్తల ఫోటో వెలిసిపోయింది. భర్త పోయాక ఆయన పేరు తీసేయించుకోమని డీలరు చెప్పాడట. "కొట్టేయించడానికి చెయ్యి రాలేదు బాబూ. పేరుంటే ఆయన ఇంట్లో ఉన్నట్టే ఉండేది." కార్డులో ఎవరి వేలిముద్ర పడినా ఇంటిల్లిపాది బియ్యం వస్తాయి. మనిషికి అయిదు కిలోలు, అప్పట్లో కిలో రూపాయి. పదకొండు నెలలు, తన బొటనవేలు మిషన్ మీద పెట్టి ఆయన వాటా కూడా తెచ్చారు. ఒక సర్వేలో పేరు పోయేదాకా తెచ్చారు. "ఆ బియ్యం నేను తినలేదు. వండి ఆయన పటం ముందు పెట్టి కాకులకు వేసేదాన్ని. అయినా తెచ్చింది ఈ వేలే కదా."

యాభై అయిదు కిలోల బియ్యం. ఎవరికీ చెప్పలేదు, కొడుక్కి కూడా. 2024 జులైలో ఏడు వేలు తీసుకోవడానికి అదే వేలు మళ్లీ మిషన్ మీద పెట్టారు. 'వియోగ దుఃఖం' అని రాసి నేను తిప్పేసిన పేజీలో ఉన్నది ఇది.

పనిచేసినవి

ఇక్కడ నాకు రెండు దారులు కనబడ్డాయి. యాభై అయిదు కిలోలు చాలా చిన్న విషయమని, దుఃఖంలో జరిగిందని చెప్పి ఊరడించవచ్చు. లేదా, జరిగింది తప్పేనని ఒప్పుకుని, దాన్ని ఒకసారికి తీర్చవచ్చు. మొదటిది దయగా కనబడుతుంది, కానీ కొడుకు అన్న మాటకూ దానికీ తేడా లేదు. రెండోదానిలో ప్రమాదం ఉంది: తిరిగి కట్టడమే కొత్త తంతు కావచ్చు. ఇవాళ బియ్యం, రేపు 2019 పింఛను, ఎల్లుండి పుట్టింట్లో తిన్న బియ్యం.

రెండోదే ఎంచుకున్నాను, కొన్ని కట్టుబాట్లతో. లెక్క ఆమె వేయకూడదు, ఆఫీసు వేయాలి. ఒక్కసారే కట్టాలి. కట్టాక మళ్లీ లెక్క చూడకూడదు. ఇవి ఒప్పుకుంటేనే తహసీల్దారు ఆఫీసుకు వెళ్దామన్నాను. "ఆ బియ్యం తేవడం తప్పే" అని నేను అన్నప్పుడు ఆమె ముఖంలో కనబడింది బాధ కాదు. ఆరు నెలలుగా అందరూ తనకు అబద్ధం చెబుతున్నారని అనుకుంటున్న మనిషికి ఒకడు నిజం చెప్పాడు.

ఆఫీసులో అర్జీ చూసి గుమాస్తా రెండుసార్లు చదివి, మమ్మల్ని ఎగాదిగా చూశాడు. డబ్బు ఇమ్మని వచ్చే అర్జీలకు అక్కడ ఫారాలున్నాయి. తీసుకోమని వచ్చే అర్జీకి లేదు. ఏ పద్దు కింద జమ కట్టాలో తేలడానికి రెండు వారాలు పట్టింది. చివరికి రెండు వేల చిల్లర లెక్క వేసి చెప్పారు. చలానా కట్టేముందు ఆమె నా వైపు తిరిగి "ఎనిమిదేళ్ల వడ్డీ?" అన్నారు. అప్పటిదాకా మాట్లాడింది మనస్సాక్షి. వడ్డీ అడిగింది జబ్బు. "ఆఫీసు అడగలేదు, కాబట్టి లేదు" అన్నాను. అంతకు మించి వివరించలేదు. వివరించి ఉంటే ఇంకో లామినేషన్ అయ్యేది. డబ్బు కొడుకు పంపినదాంట్లోంచి కట్టారు, ఆమె కోరిక మీదే.

ఏప్రిల్‌లో చికిత్స మళ్లీ మొదటి నుంచి. ఈసారి ఆమె పారిపోలేదు. ముందు ఆరోగ్య కేంద్రం మాత్రలు, తర్వాత రేషన్ బియ్యంతో వండుకుని తినడం, తర్వాత ఫ్యాను వేసుకుని క్యాలెండర్ తీసేయడం. నా లామినేషన్ కాగితాన్ని నా ముందే చింపమన్నాను; ప్లాస్టిక్ చినగక కత్తెర వెతకాల్సి వచ్చింది, ఇద్దరం నవ్వుకున్నాం. కొడుక్కి కూడా శిక్షణ ఇచ్చాను. అర్హత గురించి అడిగితే అవుననీ కాదనీ చెప్పకుండా "తెలియదమ్మా, అన్నం తిన్నావా?" అనాలి. వాడికి ఇదే కష్టమైంది. తల్లి ఏడుస్తుంటే రెండు మాటల్లో ఊరడించగలిగి కూడా ఊరుకోవాలి. మొదటి వారం రెండుసార్లు జవాబు చెప్పేసి, నాకు ఫోను చేసి ఒప్పుకున్నాడు.

సందేహం వచ్చినప్పుడు తనలో తాను అనుకోవడానికి ఒక మాట కావాలంటే, ఆమే ఎంచుకున్నారు: "అయితే అయింది, కాకపోతే లేదు." నేను అనుకున్న వాక్యం ఇంకా పొడుగ్గా ఉండేది.

జూన్ మొదటి తారీఖున గుడ్డ విప్పి వేలు మిషన్ మీద పెట్టి, ఉద్యోగిని ఏమీ అడగకుండా పింఛను తీసుకున్నారు. ఆ రోజు మధ్యాహ్నం వరకు చేతులు వణుకుతూనే ఉన్నాయట. జులైలో డబ్బాలోంచి తొమ్మిది వందలు తీసి నేత చీర కొన్నారు. అది జాబితాలో ఆఖరి పని. తన కోసం, అవసరం లేకుండా, ప్రభుత్వం ఇచ్చిన సొమ్ముతో. జులై చివర వై-బాక్స్ 11, సగటు చక్కెర 7.9. సెర్ట్రలిన్ 150 మిల్లీగ్రాముల దగ్గర కొనసాగుతోంది. ఫలితంలో మందు వాటా ఎంతో, చలానా వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

పాపభీతితో వచ్చినవారిని ఇప్పుడు మొదటి రోజే ఒకటి అడుగుతున్నాను: "ఈ భయాలన్నిటిలో, భయం కాదు, ఇది నిజమే అని మీకు తెలిసింది ఏదైనా ఉందా?" చాలామంది లేదంటారు. ఉందన్నవారిని ముందు దాని గురించే మాట్లాడనిస్తున్నాను.

అర్హత నియమాలు ఒక్కసారే, సంబంధిత ఆఫీసు నుంచే కనుక్కుంటున్నాను. కాగితం మీద రాసి ఇవ్వడం మానేశాను.

రోగి నిజాయితీని లక్షణాల పట్టికలో వేయడానికి తొందరపడకూడదు. ఈమె చివరికి పింఛను వదులుకోలేదు, వదులుకోవాలనీ అడగలేదు. కానీ ప్రతి మొదటి తారీఖున నోట్లు లెక్కపెట్టుకుంటారు. ఒక్కసారే లెక్కపెడతారు. దాన్ని మాన్పించే ప్రయత్నం చేయలేదు. డబ్బు తీసుకున్న ఎవరైనా లెక్కపెట్టుకుంటారు.

తర్వాతి సంగతి

సెప్టెంబరులో చూపించుకోవడానికి వచ్చారు. ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఈసారి పల్లెవెలుగు ఎక్కి ఒంటరిగా వచ్చారు. వేలికి గుడ్డ లేదు. కూర్చుంటూనే చీర కొంగు ముడి విప్పి, మడత పెట్టిన సున్నా టికెట్టు తీసి నా బల్ల మీద పెట్టారు.

"కండక్టరును ఏమీ అడగలేదు" అన్నారు. కాసేపాగి, "అడగాలనిపించింది. ఆదాయం ఉన్నవాళ్లకూ ఉచితమేనా అని. అడగలేదు."

ఈ పథకానికి ఆదాయ పరిమితి లేదమ్మా, రాష్ట్రంలో ఆడవాళ్లందరికీ వర్తిస్తుంది అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసి, షుగరు కాగితం చూపించమన్నాను.